ఎడమ కాలి బ్రేకు

మా బావ పాత మోటారు సైకిలు నా మెకానిక్ షెడ్డులోనే ప్రాణం విడిచింది. ముప్ఫై ఏళ్లుగా దానికి వైద్యం చేస్తున్నది నేనే కాబట్టి ఆ కబురు చెప్పే పని కూడా నా నెత్తినే పడింది. ఇంజను అడుగు పెంకు నిలువునా చీలిపోయింది. ఇంతకుముందు చీలినప్పుడల్లా వెల్డింగు పెట్టించి నెట్టుకొచ్చాను. ఈసారి వెల్డింగు పట్టడానికి కూడా మంచి చోటు మిగల్లేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి ఇరవై ఏళ్లయింది. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఇక లాభం లేదు బావా" అన్నాను.

షెడ్డు ముందు బెంచీ మీద కూర్చున్న బావ తలెత్తాడు. "అస్సలు లేదా?"

"అస్సలు లేదు."

"చూడాల్సిందంతా చూశావా?"

"చూడనిది ఇంకేం మిగిలింది? విప్పి గోనెపట్టా మీద పరిచాను. నీ కళ్లతో నువ్వే చూసుకో."

ఆయన లేవలేదు. రెండు అరచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. మా అక్కని పెళ్లి చేసుకున్న నాటినుంచి ఆ మనిషి కంట తడి నేనెరగను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎదురుగా పంక్చరు వేయించుకుంటున్న పాలవాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇనుప ముక్క మీద ఇంత ప్రేమేమిటా అనుకుని, లోపలికెళ్లి అక్కకి ఫోను చేశాను.

మా బావ పోస్ట్‌మ్యాన్. ఊరి వెనక కొండ మీద ఐదు పల్లెలున్నాయి. వాటికి ఉత్తరాలు, పార్సిళ్లు, మందులు చేరవేసేది ఆయనే. తారు రోడ్డు కొండ మొదట్లోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పైకి రాళ్లు, బురద, ఒక వాగు, ఇరవై రెండు మలుపులు. మొదటి పల్లెలో ఆయన బండి చప్పుడు వినపడిందంటే తొమ్మిదిన్నర అయినట్టే. అందుకే పైన అందరూ ఆయన్ని 'గడియారం' అంటారు. నన్ను 'స్పానరు' అని పిలిచేది మాత్రం ఆయనొక్కడే. ఎక్కడ బిగించాలో తెలియకపోయినా బిగిస్తూనే ఉంటానట.

ఆయన రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. ఆ మూడేళ్లూ పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చుని గడిపేయొచ్చు. ఆ మాట ఎత్తితే చాలు, మా అక్క మొహంలో రంగు మారిపోతుంది. దానికో కారణముంది. మా నాన్న కలప కోత మిల్లులో ఫోర్‌మ్యానుగా చేశాడు. రిటైరైన మర్నాడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిది నెలల తర్వాత ఒక పొద్దున అక్క టీ గ్లాసు పట్టుకెళ్లేసరికి అదే కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, వంటింట్లో మరో అరగంట పని చేసుకుందట అక్క. ఆ అరగంట ఆమెని ఇప్పటికీ వదల్లేదు. గుండె జబ్బు చాలా ఏళ్లుగా ఉందని డాక్టరు చెప్పాడు. అక్క వినిపించుకుంటేనా? ఆమె లెక్కలో నాన్నని చంపింది కుర్చీ. కూర్చున్న మగవాడు పోతాడు, అంతే. నిజం చెప్పాలంటే ఆ భయం నాకూ అంటుకుంది. మోకాళ్లు మొరాయిస్తున్నా షెడ్డు మూయకుండా లాక్కొస్తున్నది అందుకేనేమో.

అందుకని పాత బండి పోయిన వారం తిరక్కుండానే నేనూ అక్కా షోరూముకి వెళ్లాం. బావకి చెప్పలేదు.

అక్కడ అద్దం పక్కన ఒకటి నిలబెట్టి ఉంది. గుండ్రటి హెడ్‌లైటు, ఒకే ఒక్క మీటరు, నున్నటి ఇనుప ట్యాంకు, అడ్డగీతల పొడుగు సీటు, చువ్వల చక్రాలు, ఎత్తుగా లేపిన ముందు మడ్‌గార్డు, కొండ దారి కోసం ముళ్లముళ్లుగా ఉన్న టైర్లు. సైలెన్సరు కూడా రాళ్లకి తగలకుండా పైనుంచే పోతోంది. ఇంజనులో దాపరికమేమీ లేదు, వంగి చూస్తే అంతా కళ్లముందే ఉంది. బటన్‌తో పాటు కిక్కు రాడ్డు కూడా పెట్టాడు దీన్ని చేసిన మహానుభావుడు. ధర కూడా మాలాంటి వాళ్లు గుండె చిక్కబట్టుకోకుండా అడగగలిగినంతే.

"కుర్రాళ్లు తెగ మోజు పడుతున్నారండి. పాతకాలం స్టైలు" అన్నాడు అమ్మేవాడు.

"మాకు స్టైలక్కర్లేదు బాబూ. మేమే పాతకాలం" అన్నాను.

అక్క ట్యాంకు మీద చెయ్యి వేసి నిమిరింది. పాతదాని రంగే, అడవి ఆకుపచ్చ. "ఒరేయ్, ఇది అచ్చం అదే కదరా. అదే మళ్లీ పుట్టినట్టుంది" అంది. ఆమె అలా మాట్లాడే మనిషి కాదు. మారు మాట్లాడకుండా కొనేశాం.

సాయంత్రం బావ పోస్టాఫీసు నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి బండి గేటు ముందుంది. దాని పక్కన అక్క చీర కొంగుతో అద్దం తుడుస్తూ చిన్నపిల్లలా నవ్వుతోంది. బావ గేటు అవతలే ఆగిపోయాడు. బండిని చూశాడు, అక్కని చూశాడు, నన్ను చూశాడు. "చాలా బాగుంది" అన్నాడు. లోపలికి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. సంతోషంతో ఇంకో మాట రాలేదనుకున్నాం ఇద్దరం.

మర్నాడు వీధిలో నడిపి చూద్దామన్నాను. అక్కడే చిక్కొచ్చింది. పాత బండికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండేవి. ఆ కాలం బండ్లు కొన్ని అంతే. ఇప్పటి బండ్లన్నిటికీ తిరగేసి, బ్రేకు కుడి కాలికే. ఆ సంగతి బావకి తెలుసు, నేను కూడా రెండుసార్లు చెప్పి పంపాను. సందు చివర మలుపులో సైకిలు అడ్డొచ్చింది. బావ ఎడమ కాలు అదిమాడు. బండి ఆగలేదు సరికదా, గేరు పడి ఎగిరి దూకి ఎదురింటి గేటుని గుద్దింది. దెబ్బలేమీ తగల్లేదు. అదే కొత్త షోకుల బండి అయ్యుంటే కాళ్లు కూడా కొత్తగా ఒళ్లు దగ్గర పెట్టుకునేవి. ఇది చూడ్డానికి పాతదే కావడంతో కాళ్లు దాన్ని నమ్మేశాయి.

బావ దిగి, హెల్మెట్ తీసి, సీటు మీద పెట్టాడు. "వదిలెయ్‌రా. ఈ వయసులో నా కాళ్లకి కొత్త చదువు చెప్పలేను. షోరూము వాళ్లు వెనక్కి తీసుకుంటారేమో కనుక్కో" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఏముందో నేను వినలేదు. నాకు పౌరుషం వచ్చింది. "నీ కాళ్లు మారక్కర్లేదు బావా. బండే మారుతుంది" అన్నాను.

నాలుగు రోజులు షెడ్డుకి వచ్చిన ఏ పనీ ముట్టుకోలేదు. ఇంజను కిందనుంచి అడ్డంగా రెండు కమ్మీలు వేశాను. ఒకటి గేరుని కుడివైపుకి తెచ్చింది, రెండోది బ్రేకుని ఎడమవైపుకి. లేతు పనివాడి దగ్గర కూర్చుని బుష్షులు చేయించాను. మొదటిసారి బ్రేకు కమ్మీ చైనుకి రాసుకుంది, మళ్లీ విప్పాను. మొత్తానికి పూర్తయ్యాక బావ ఎక్కి వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఎడమ కాలితో తొక్కగానే ముగ్గులో చెంబు పెట్టినంత నెమ్మదిగా నిలబడింది బండి. నా జన్మలో అంత మంచి పని చేయలేదని ఆ రోజు అనుకున్నాను. అక్క నా వీపు తట్టింది. బావ కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

తర్వాత నెలన్నర రోజులు అంతా మామూలే. పొద్దున్నే తొమ్మిదింటికి నా షెడ్డు ముందునుంచి కొండకేసి వెళ్లేవాడు, చెయ్యి ఊపేవాడు. అక్క రోజూ తెల్లారేసరికి బండి తుడిచి పెట్టేది. పోస్టాఫీసులో కొత్తగా చేరిన కౌంటరు అమ్మాయికి ఆ బండి తెగ నచ్చింది. ఒకసారి ఆవరణలో నడపబోయి, బ్రేకనుకుని గేరు తొక్కి, సైకిలు స్టాండులోకి దూసుకెళ్లిందట. "పెద్దాయనా, ఇదేం బండండీ, మీకు తప్ప ఎవరికీ లొంగదు" అందట. ఆ అమ్మాయి ఎప్పటినుంచో కొండ దారి తనకివ్వమని అడుగుతోంది. కుర్చీలో కూర్చుని ముద్రలు కొట్టలేక తల ప్రాణం తోకకొస్తోందట.

ఆ సంగతి బావ ఒక ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు. వచ్చే శుక్రవారంలోగా పోస్టుమాస్టరుకి కాగితం రాసివ్వాలి. కొండ దారా, కౌంటరా? ఏది రాస్తే రిటైరయ్యేదాకా అదే.

"మూడేళ్లు" అన్నాడు బావ, కంచంలోకి చూస్తూ.

"దానికేం? కొండే అని రాసివ్వండి. కొత్త బండి ఉందిగా" అంది అక్క. ఆ చేత్తోనే ఆయన అడక్కుండానే మరికాస్త వడ్డించింది. బావ తలూపాడు. నేను కూడా "అంతేగా మరి" అని వంత పాడాను.

బుధవారం బండి సర్వీసుకి వచ్చింది. వెనక చక్రం విప్పి బ్రేకు డబ్బా తెరిచాను. తెరిచి, కింద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. కొండ తిరిగే బండికి బ్రేకు లైనింగు ఎంత తక్కువనుకున్నా ఎనిమిది నెలలు రావాలి. నెలన్నరకే అది ఇనుము కనపడేదాకా అరిగిపోయింది. డబ్బా లోపల వేడికి నీలం మచ్చలు తేలాయి. ముందు నా కమ్మీ బిగిసిపోయిందేమోనని భయపడ్డాను. వంగి లాగి చూశాను, కమ్మీ తేలిగ్గానే కదులుతోంది. కాలు పెడితే తప్ప బ్రేకు పట్టదు. అంటే ఆ కాలు తీయడం లేదన్నమాట. ముప్ఫై ఏళ్లుగా ఆ దారిలో కళ్లు మూసుకుని దిగే మనిషి ఇరవై రెండు మలుపులూ బ్రేకు మీద నిలబడి దిగుతున్నాడు.

కొత్త లైనింగు వేస్తూ బెంచీ కేసి చూశాను. బావ బూట్లు విడిచి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఎడమ బూటు అడుగున, బొటనవేలి కింద, అడ్డంగా లోతైన గాడి పడి ఉంది. కుడిది కొత్తదానిలా ఉంది.

"రేపు నీతో కొండెక్కుతాను బావా. ఇంజను చప్పుడు ఎక్కడో తేడాగా ఉంది, ఎక్కేటప్పుడు వినాలి" అన్నాను. చప్పుడు శుభ్రంగా ఉంది. అబద్ధమాడాను.

గురువారం వెనక సీటు మీద ఉత్తరాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కేటప్పుడు బావ బాగానే నడిపాడు. పల్లెల్లో అందరూ పలకరించారు, ఒక ముసలమ్మ తన మందుల పొట్లం తీసుకుని "గడియారం ఈమధ్య వెనకబడుతోందయ్యా" అంది. చేతి గడియారం చూసుకున్నాను. రెండో పల్లెకే పాతిక నిమిషాలు ఆలస్యం. ఎక్కడికక్కడ బండి ఆపుతున్నాడు. ఒకచోట గాలి బాగుంటుందన్నాడు, ఒకచోట నీళ్లు తాగాలన్నాడు, ఒకచోట ఏమీ అనలేదు, దిగి రాయి మీద కూర్చున్నాడు.

దిగుడు మొదలయ్యాక ఆయన వీపు కొయ్యబారిపోయింది. నా మోకాలికి ఆయన ఎడమ తొడ ఆనుకుని ఉంది, అది వణుకుతోంది. నాలుగో మలుపు దాటగానే ఆపేశాడు.

"నువ్వు నడుపు కాసేపు. నీ పనితనం నువ్వూ చూసుకో" అన్నాడు.

ఎక్కాను. రోజుకి పది బండ్లు నడిపి చూసేవాణ్ణి, నాకేం అనుకున్నాను. రెండు మలుపులు బాగానే గడిచాయి. మూడో మలుపులో గులకరాళ్ల మీద బండి కాస్త వేగం అందుకుంది. రోజూ పది బండ్లకి తొక్కే కుడి కాలు తన పని తాను చేసేసింది. అది బ్రేకు కాదు, నేను చేతులారా అక్కడికి తెచ్చిపెట్టిన గేరు. ఇంజను గావుకేక పెట్టింది, వెనక చక్రం పక్కకి జారింది. నేనూ, బావా, ఖాళీ సంచీ, అందరం మెల్లగా, మర్యాదగా బురద కాలువలో పడ్డాం.

బావ నవ్వడం మొదలుపెట్టాడు. "ఒరేయ్ స్పానరూ, నువ్వు చేసిన బండే నిన్ను ముంచింది కదరా!"

"నీ కాళ్ల కోసం చేస్తే నా నడ్డి విరిగింది" అన్నాను. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం బురదలో కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. నా నవ్వు ఆగింది. ఆయన కళ్లలో నీళ్లు ఆగలేదు.

"పాత బండి పోయిన రోజు నేను ఏడ్చాను, గుర్తుందా?" అన్నాడు.

"మర్చిపోతానా?"

"అది బండి పోయిందని కాదురా. ఇక ఎక్కక్కర్లేదని."

బండి చక్రం ఇంకా గాలిలో తిరుగుతోంది. చెయ్యి పెట్టి ఆపాను.

"మరి కొత్తది తెచ్చిన రోజే చెప్పొచ్చుగా బావా?"

"ఎలా చెప్పను? మీ అక్క గేటు దగ్గర నిలబడి నవ్వుతోంది. అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో. నీ కాళ్లు మారక్కర్లేదంటూ నువ్వేమో నాలుగు రోజులు తిండీ తిప్పలూ మానుకుని పని చేశావు. మీ ఇద్దరి మొహం మీద నాకొద్దని ఎలా అనను?"

"భయమేస్తోందా?"

"భయపడటానికైనా ఓపిక ఉండాలి కదరా. అలసట. పొద్దున్నే లేస్తూనే అలిసిపోయి లేస్తాను. దిగేటప్పుడు ఆ బ్రేకు మీదనుంచి కాలు తీస్తే ఇక ఎవరూ పట్టుకోలేరనిపిస్తుంది." ఎడమ మోకాలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "కూర్చుంటే పోతానని మీ అక్క భయం. నేను చూస్తే కూర్చోకుండానే పోయేలా ఉన్నాను."

"రేపు కాగితంలో కౌంటరని రాసెయ్."

"వద్దు. మీ అక్కకి చెప్పకు. నేను కుర్చీలో కూర్చున్న ప్రతి నిమిషం ఆమె వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తుంది. అదీ ఒక బతుకేనా? మూడేళ్లేగా. ఎలాగోలా ఈడ్చేస్తాను."

బండి లేపాం. కుడివైపు కాలు పెట్టే మెట్టు వంగింది, గేరు కమ్మీ మెలితిరిగింది. ఆయన్ని ఇంటి దగ్గర దింపి, బాగుచేసి పొద్దున్నే ఇస్తానని బండి షెడ్డుకి తెచ్చుకున్నాను. ఆ మిగిలిన పగలంతా దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. ఆయన రెండుసార్లు చెప్పాడు. ఒకసారి ఏడ్చి చెప్పాడు, ఒకసారి వెనక్కి ఇచ్చెయ్యమని నోరు తెరిచి చెప్పాడు. రెండుసార్లూ నేను స్పానరు పట్టుకుని బిగించాను.

వంగిన కమ్మీని సుత్తితో సరిచేయడానికి పది నిమిషాలు చాలు. సుత్తి తీసుకోలేదు. రెండు కమ్మీలూ విప్పి పక్కన పడేశాను. షోరూములో ఎలా ఉందో అలా, గేరుని ఎడమకి, బ్రేకుని కుడికి బిగించాను. నాలుగు రోజులు పట్టిన పని విప్పడానికి రెండు గంటలు కూడా పట్టలేదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకి బావ వచ్చాడు. జేబులో మడత పెట్టిన కాగితం కనపడుతోంది. భుజాన సంచీ. "అయిందా?" అంటూనే ఎక్కి, అలవాటుగా ఎడమ కాలు పెట్టాడు. ఆ కాలు గేరు మీద పడి టక్కుమంది. కిందికి చూశాడు. అటువైపు చూశాడు.

"మార్చేశావా?"

"మార్చేశాను."

"ఇక నేను నడపలేనుగా."

"నడపలేవు. పోస్టుమాస్టరు అడిగితే కాళ్లకి పడటం లేదని చెప్పు. అందులో అబద్ధమేం లేదు. అక్కకి నేను చెప్తాను."

కోప్పడతాడనుకున్నాను. "నిన్నెవడు అడిగాడురా" అంటాడని, చెంప మీద ఒకటి వేసినా వేస్తాడని సిద్ధపడే ఉన్నాను. ఆయన నెమ్మదిగా దిగి, జేబులోంచి కాగితం తీసి, బెంచీ మీద పరిచి, నా పెన్ను అడిగాడు. గ్రీజు మరకల పెన్నుతో 'కౌంటరు' అని రాసి సంతకం పెట్టాడు. అక్షరాలు చక్కగానే వచ్చాయి. తర్వాత పోస్టుమాస్టరుకీ, కౌంటరు అమ్మాయికీ ఫోను చేశాడు.

ఆ పిల్ల ఐదు నిమిషాల్లో పరిగెత్తుకుంటూ వచ్చింది. కాగితం చదివి నమ్మలేనట్టు చూసింది. "ఇప్పుడు అన్నీ మామూలుగానే ఉన్నాయాండీ?" అని నన్నడిగి, కుడి కాలితో రెండుసార్లు తొక్కి చూసుకుంది. బావ సంచీ ఆమె భుజానికి తగిలించి, వాగు దగ్గర ఎడమగట్టున వెళ్లాలని, ముసలమ్మ మందులు కింద పెట్టకుండా చేతికే ఇవ్వాలని చెప్పాడు. "సాయంత్రం తెచ్చి ఇక్కడే పెట్టు" అన్నాడు. ఆమె కిక్కు కొట్టింది. చప్పుడు కొండకేసి వెళ్లిపోయింది.

బావ షెడ్డులోకి వచ్చాడు. పని మీద వచ్చేవాళ్ల కోసం వేసిన చేతుల కుర్చీ ఒకటుంది. దానిలో కూర్చుని బూట్లు విప్పాడు. "అయిదు నిమిషాలురా, తర్వాత ఆఫీసుకి వెళ్తాను" అన్నాడు. నేను టీ చెప్పి వచ్చేసరికి నిద్రపోయాడు. తల పక్కకి వాలిపోయింది, నోరు కాస్త తెరుచుకుంది. అంత నిద్ర ఎన్నాళ్ల బాకీయో.

పావుగంటకి అక్క వచ్చింది. వచ్చింది అనడం కంటే ఊడిపడిందనాలి. కూరల సంచీ చేతిలోనే ఉంది, కొంగు జారిపోతోంది. "ఒరేయ్! ఆయన బండి మీద ఎవరో అమ్మాయి కొండకి పోతోంది, ఆయనేరి? ఏమైంది?" అని అరుస్తూ గుమ్మంలో అడుగుపెట్టి, కుర్చీని చూసి ఆగిపోయింది.

ఆ కుర్చీ, ఆ వాలిన తల. అక్క మొహంలో నెత్తుటి చుక్క లేదు. సంచీ జారి కూరలు నేలంతా దొర్లాయి. నేను "అక్కా" అంటూనే ఉన్నాను, ఆమెకి వినపడలేదు. దగ్గరికి వెళ్లి, వంగి, వేళ్లు ఆయన ముక్కు దగ్గర పెట్టింది. చాలాసేపు పెట్టింది.

"ఊపిరి ఆడుతోందక్కా. అలిసిపోయాడు, అంతే. ఇక కొండకి వెళ్లడు. కౌంటరని రాసిచ్చేశాడు. నేనే బండి మార్చేశాను. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఆమె తిట్టలేదు. "నాన్న కూడా ఇలాగే..." అంది.

"నాన్నకి అప్పటికే బాగోలేదక్కా. ఆయన చెప్పలేదు, మనం అడగలేదు. బావనీ అడగలేదు మనం. బండి కొనిచ్చాం."

అక్క చేతి వేళ్లు వెనక్కి తీసుకుంది. నేను పని చేసుకునే చిన్న పీట లాక్కుని ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. పొద్దున లేచింది మొదలు ఎక్కడా కూర్చోని మనిషి. "ఎన్నాళ్లనుంచిరా?" అని మెల్లగా అడిగింది. "ఎన్నాళ్లనుంచి అలిసిపోయి ఉన్నారు?"

"నాకూ తెలీదక్కా" అన్నాను. నిజంగానే తెలీదు.

టీ తెచ్చినతను గ్లాసులు పెట్టి వెళ్లాడు. ఒకటి అక్క పక్కన పెట్టాను, ఆమె దానికేసి చూడలేదు. ఆయన ఎడమ కాలినే చూస్తోంది. నిద్రలో కూడా ఆ కాలు నేలని అదిమి పెట్టి ఉంది, వేళ్లు తెల్లబడేంత గట్టిగా, పిక్క వణికేంత గట్టిగా. అక్కకి అదేమిటో అర్థం కాలేదు.

"బ్రేకు తొక్కుతున్నాడు" అన్నాను.

ఆమె వంగి, రెండు చేతులతో ఆ పాదాన్ని పట్టుకుంది. "వచ్చేశారండీ. ఇంక దిగేశారు" అంది, లేపడానికి కాదు, ఊరికే. అలాగే పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆ కాలు వదులైంది.